పదేళ్ల పిల్లలకు భుజం వాడటం నేర్పాలా?

మిడ్‌ఫీల్డ్_నాన్న: మా వాడి ఫుట్‌బాల్ కోచ్ అండర్-10 పిల్లలకు ఒంటితో అడ్డుపడి బంతి లాక్కోవడం నేర్పుతున్నాడు. ఈ వయసులో ఇది అవసరమా?

పాత_స్టాపర్: అవసరమే. నేర్పకపోయినా పిల్లలు తోసుకుంటారు, కాకపోతే చేతులతో. నేను ముందు నేర్పేది భుజం కాదు, అడుగు. ఎదుటివాడు బంతిని కాస్త ముందుకు వదిలిన క్షణంలో, వాడికీ బంతికీ మధ్య మన కాలు పడాలి. మోకాళ్లు కొంచెం వంచి, బరువు కిందికి దించి, భుజానికి భుజం ఆనించాలి. అలా చేస్తే బక్కపిల్లాడు కూడా గెలుస్తాడు.

విజిల్_మాస్టర్: ‘ఆనించాలి’ అంటే ఎంత? ఫుట్‌బాల్ రూల్స్‌లో ఫౌల్స్ గురించి చెప్పే లా 12 చదవండి. బంతి ఆడగలిగే దూరంలో ఉండాలి, చేతులు, మోచేతులు వాడకూడదు. అజాగ్రత్తగా గుద్దితే ఎదుటి టీంకి డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోల్‌కి కొట్టగలిగే కిక్.

పాత_స్టాపర్: చేతులు వాడమని నేనన్నానా?

విజిల్_మాస్టర్: మీరనలేదు సార్. భుజం తగలగానే పిల్లల మోచెయ్యి దానంతటదే లేస్తుంది. రిఫరీగా నేను ఫౌల్ ఊదితే ఒక తండ్రి పార్కింగ్ దాకా వెంటపడి తిట్టాడు నన్ను.

పాత_స్టాపర్: బ్యాలెన్స్ కోసం చెయ్యి కాస్త ఎడంగా ఉంటే తప్పేమీ లేదు. నెడితేనే తప్పు.

విజిల్_మాస్టర్: కాస్త అంటే?

గోల్‌కిక్: ఈ చేతుల గొడవ తెల్లారేదాకా నడిచేట్టుంది.

మిడ్‌ఫీల్డ్_నాన్న: మీరిద్దరూ మోచెయ్యి పట్టుకుని వేలాడుతున్నారు. పోయిన మ్యాచ్‌లో తలెత్తు పొడుగున్న పిల్లాడు భుజం తగిలిస్తే మా వాడు పల్టీ కొట్టాడు. విజిల్ లేదు.

విజిల్_మాస్టర్: కింద పడినంత మాత్రాన ఫౌల్ కాదండీ.

మిడ్‌ఫీల్డ్_నాన్న: సరే, కాదు. ఆ వెంటనే కోచ్ మా వాణ్ని తీసేశాడు, సెకండ్ హాఫంతా బెంచీ మీదే! అది కూడా రూలేనా?

పాత_స్టాపర్: ఇప్పుడొచ్చింది అసలు సంగతి. మీ కోపం భుజం మీద కాదు, బెంచీ మీద.

మిడ్‌ఫీల్డ్_నాన్న: అవును, ఏం తప్పా? మా లీగ్‌లో వయసు లెక్కకి కటాఫ్ తేదీ జనవరి 1. మా వాడు డిసెంబర్‌లో పుట్టాడు. అదే ఏడు జనవరిలో పుట్టినవాడికీ వీడికీ దాదాపు ఏడాది తేడా. ఈ ట్రైనింగ్ మొదలయ్యాక ఒళ్లున్నవాడే టీంలో ఉంటున్నాడు, తలెత్తి చూసి పాస్ ఇవ్వగలిగినవాడు బయట. ఇది నేర్పడమా, ఏరడమా?

పాత_స్టాపర్: నేనూ పెద్ద పిల్లల్నే దింపుతాను. వరసగా ఓడిపోతే పిల్లల్ని వేరే అకాడమీకి మార్చేది మీలాంటి తల్లిదండ్రులే కదా!

మిడ్‌ఫీల్డ్_నాన్న: మరి బక్కపిల్లాడు కూడా గెలుస్తాడని ఇందాక అన్నారు?

పాత_స్టాపర్: ప్రాక్టీస్‌లో అన్నాను.