అప్‌డేట్: ఆ యాంఫోటెరిసిన్ క్లెయిమ్ సంగతి తేలింది

పోయిన వారం అడిగాను కదా, అమెరికా మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) అవుట్‌పేషెంట్ క్లెయిమ్‌లో లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందుకి 7 యూనిట్లు వేస్తే మాడిఫయర్ (బిల్లింగ్ కోడ్ పక్కన పెట్టే రెండక్షరాల గుర్తు) లేదని వెనక్కొచ్చిందని. తప్పు నాదే, అదీ ఒకటి కాదు, రెండు.

నర్సు నోట్‌లో 7 వయల్స్ (మందు సీసాలు) అని ఉంటే నేను 7 కొట్టేశాను. ఈ మందు బిల్లింగ్ కోడ్ జె0289కి యూనిట్ అంటే వయల్ కాదండీ, 10 మి.గ్రా. పేషెంట్ బరువు 64 కిలోలు, డోసు కిలోకి 5 మి.గ్రా., అంటే 320. వయల్ 50 మి.గ్రా. కాబట్టి 7 తెరిచారు, 30 పారేశారు. ఇప్పుడు ఒక లైన్‌లో 32 యూనిట్లు, రెండో లైన్‌లో పారేసిన మందుకి పెట్టే జేడబ్ల్యూ మాడిఫయర్‌తో 3. పారేసిన 30 మి.గ్రా. చార్టులో రాసి ఉంది, బతికిపోయాను. ఏమీ మిగలకపోతే జేజెడ్ మాడిఫయర్ పెట్టాలి, 2023 జులై నుంచి అది తప్పనిసరి.

ఇదే మందులో లిపిడ్ కాంప్లెక్స్ రకం అయితే కోడ్ జె0287, మామూలు యాంఫోటెరిసిన్ అయితే జె0285. రెండోదానికి యూనిట్ 50 మి.గ్రా.! పేర్లు ఒకేలా పెట్టి మన ప్రాణం తీస్తారు.

కరెక్టెడ్ క్లెయిమ్ నిన్న వెళ్లింది. మాడిఫయర్ చూడమన్నవాళ్లకి థాంక్స్. మా టీమ్ లీడ్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు.