గేమ్ ‘హ్యాంగ్ అయింది’ అనడానికి తెలుగులో ఏమందాం?

ఎంవీపీ కాలనీ నుంచి:
అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి కంప్యూటర్‌లో గేమ్ ఆడుతుంటే మధ్యలో ఆగిపోతోంది. రిపేరు షాపుకి ఫోన్ చేసి “హ్యాంగ్ అవుతోంది” అన్నాను. “ఎలా హ్యాంగ్ అవుతోందండీ?” అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. పేపర్లో “సర్వర్లు మొరాయించాయి” అని రాస్తారు కదా, ఆ మాట సరిపోతుందా?

మద్దిలపాలెం నుంచి:
మొరాయించడం అంటే ఎద్దు కదలనని మొండికేయడం. మంచి మాటే, కానీ మెషీన్ ఏ రకంగా ఆగినా అదే వాడేస్తున్నాం. ట్రాఫిక్ ఆగితే “స్తంభించింది” అంటాం, షేర్ మార్కెట్ పడితే “కుప్పకూలింది” అంటాం. తెర కదలకుండా ఆగిపోయే ఫ్రీజ్‌కి మొదటిది, ప్రోగ్రామ్ ఉన్నట్టుండి పడిపోయే క్రాష్‌కి రెండోది వాడొచ్చని నా అభిప్రాయం.

గాజువాక నుంచి:
మా పిల్లలు “గేమ్ బయటకి గెంటీసింది” అంటారండి.

ద్వారకానగర్ నుంచి:
గాజువాక వారి పిల్లలు చెప్పింది నాకు చాలా నచ్చింది. నేను సిస్టమ్ రిపేర్లు చేస్తాను. “గెంటీసింది” అంటే విండోస్ బాగానే ఉంది, గేమ్ ఒక్కటే మూతపడి డెస్క్‌టాప్ కనబడిందని నాకు వెంటనే అర్థమవుతుంది. అప్పుడు ముందు గేమ్ ఫైళ్లే చూస్తాను. గేములు కొని దించుకునే స్టీమ్ యాప్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్తే ఫైళ్లను సరిచూసే ఆప్షన్ ఉంటుంది. పాడైనవి, పోయినవి ఉంటే వాటిని మళ్లీ దించుకుంటుంది. గేమ్ మొత్తం తీసేసి మళ్లీ వేయక్కర్లేదు.

“బిగుసుకుపోయింది” అంటే కథ వేరు. ఏ ప్రోగ్రామైనా 5 సెకన్ల పాటు బదులు పలకకపోతే విండోస్ దాన్ని ‘నాట్ రెస్పాండింగ్’ కింద లెక్కేస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకిచ్చే గడువు ఇంకా తక్కువ, మామూలుగా 2 సెకన్లే. అది దాటితే విండోస్ తానే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే ఆ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, రీసెట్ చేస్తుంది. అలా జరిగి డ్రైవర్ కోలుకుంటే, విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు పడుతుంది. అందుకే బిగుసుకుంది అన్నవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న: శబ్దం వస్తోందా? బొమ్మ ఆగి శబ్దం నడుస్తుంటే గ్రాఫిక్స్ మీద అనుమానం. శబ్దం ఒకే ముక్క దగ్గర గరగరలాడుతూ మౌస్ కూడా కదలకపోతే సిస్టమ్ మొత్తం బిగుసుకున్నట్టే, అప్పుడు ర్యామ్ కూడా పరీక్షించాలి.

ఆడుతుండగా సిస్టమ్ మొత్తం టక్కున ఆగిపోతే దాన్ని “ఆరిపోయింది” అనండి. వేడి గాని, పవర్ సప్లై గాని కావచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో 41 నంబరు కనిపిస్తుంది. అది సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. మన విశాఖలో ఇంకో సంగతి కూడా ఉంది. సముద్రం గాలిలోని ఉప్పూ తేమా లోపలి పిన్నుల్ని తుప్పు పట్టిస్తాయి. బీచ్ వైపు కిటికీ పక్కన సీపీయూ పెట్టకండి.

ఆగి ఆగి నడిస్తే “నత్తి కొడుతోంది” అనొచ్చు. అది క్రాష్ కాదు.

మద్దిలపాలెం నుంచి:
బిగుసుకోవడం, గెంటేయడం, ఆరిపోవడం. నేను చెప్పిన పత్రికల మాటల కంటే ఇవే నయం. అయితే తెర మీద ఇంగ్లీషులో కారణం వస్తుంది కదా, అది చదివి చెబితే చాలదా?

ద్వారకానగర్ నుంచి:
చదవాలి మాస్టారూ, కానీ అదే ఆఖరి మాట కాదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నవాళ్లకి అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కొన్ని గేముల్లో ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అని వచ్చేది. లోపం చూస్తే ప్రాసెసర్‌లో ఉంది, దానికి వోల్టేజీ ఎక్కువగా అందడం వల్ల. 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణ వచ్చింది, దాన్ని బయోస్ (మదర్‌బోర్డు మీది సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వేసుకోవాలి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్ దానితో బాగుపడదు, మార్చాల్సిందే. ఆ మెసేజ్ ఒక్కటే నమ్మితే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని డబ్బు పోగొట్టుకుంటారు.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఇప్పుడే చూశామండి. బొమ్మ బిగుసుకుంటోంది, శబ్దం వస్తూనే ఉంది. 4101 కూడా కనబడింది.

ద్వారకానగర్ నుంచి:
అయితే పాత గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసేసి, కార్డు తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి కొత్తది వేయండి. కార్డుకి ఓవర్‌క్లాక్ చేసి ఉంటే, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచి ఉంటే, అది తీసేయమనండి. ఫ్యాన్లలో దుమ్ము దులిపి, ఆడేటప్పుడు కార్డు వేడి ఎంత ఉందో చూడమనండి. అప్పటికీ బిగుసుకుంటే సీపీయూ తీసుకుని రండి, వేరే కార్డు పెట్టి చూద్దాం. ఈలోగా ఏమీ కొనకండి.