118 నుంచి 67 కిలోలకి వచ్చాను, వేలాడే పొట్ట చర్మం తీయించుకోవచ్చా?

మాది నరసన్నపేట, మిషన్ కుడతాను. రెండేళ్ల కిందట బరువు తగ్గడానికి కడుపుకి చేసే బేరియాట్రిక్ సర్జరీ అయింది. ఏడు నెలలుగా 67 దగ్గరే ఆగాను. పొట్ట చర్మం మాత్రం తొడల మీదికి వేలాడుతోంది. మడత కింద పాత నేతచీర ముక్క ఇస్త్రీ చేసి పెట్టుకుంటాను. మధ్యాహ్నానికి తడిసి వాసన. ఎండాకాలమైతే ఒరుసుకుని పుండ్లే. "చిక్కావు కదా, ఇంకా కోతలెందుకు" అంటాడు మా ఆయన. ఆయనకేం! చేయించుకున్నవాళ్లు చెప్పండి.

విజయనగరం నుంచి:
అప్పా, నేను విశాఖలో చేయించుకున్నాను. మచ్చ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది, కుచ్చిళ్ల కిందికి పోతుందిలే. నీరు లాగడానికి రెండు గొట్టాలు పెట్టారు. మొదటి వారం నిటారుగా నిలబడలేక, నాట్లు వేసేవాళ్లలా వంగే నడిచాను. ఆరు వారాలు బిగుతు బెల్టు, బిందె ఎత్తకూడదు. నేను మే నెలలో చేయించుకుని ఆ బెల్టుతో ఏడ్చాను. నువ్వు చలికాలం పెట్టుకో.

నర్సుగా చేస్తున్నాను:
బరువు ఆరు నెలలకి పైగా నిలకడగా ఉంది, మంచిదే. ముందు హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ప్రొటీన్ చూపించుకోండి. బేరియాట్రిక్ అయినవాళ్లకి ఇవి తగ్గుతాయి, గాయం మానదు. చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందే మానాలి. అందానికని రాస్తే ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు, పుండ్లకి వాడిన మందుల చీటీలు దాచండి. ఆపరేషన్ తర్వాత పిక్క వాచినా, ఆయాసమొచ్చినా వెంటనే ఆసుపత్రికి.

నరసన్నపేట:
అడ్డపొగ మా అత్తది, నాది కాదు! సంక్రాంతికి జాకెట్లు ఒప్పుకున్నాను. అవి ఇచ్చేసి వెళ్తాను.