లంక ఊళ్ళో సాయంత్రం ఉచిత ట్యూషన్: ఒక్కొక్కళ్ళని లేపితే నోరు విప్పడం లేదు, ఎక్కడ మొదలెట్టాలి?

వైనతేయ_రేవు:
అందరికీ నమస్కారమండి. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను, మాది రాజోలు వైపు, గోదారి పాయల మధ్య ఉండే లంక ఊరు. 4 నుంచి 7వ తరగతి పిల్లలకి సాయంత్రాలు ఉచితంగా చదువు చెబుదామని అనుకుంటున్నాను. ఇరవై మంది దాకా వస్తారు. రామాలయం మండపం వాడుకోమన్నారు. కొందరికి అమ్మ గల్ఫ్‌లో, ఇంట్లో అమ్మమ్మే దిక్కు. అందరూ కలిసి చెప్పమంటే గట్టిగా చెబుతారు, ఒక్కళ్ళని లేపితే తల దించేస్తారు. తరగతి పుస్తకాలే మొదలెట్టాలా?

కాలవగట్టు_మాస్టారు:
తమ్ముడూ, తరగతి పుస్తకం ఓ నెల పక్కన పెట్టు. మొదటి వారం పాఠం కూడా వద్దు. ఒక్కొక్కళ్ళని మిగతావాళ్ళకి వినపడనంత దూరంలో కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చూడు. అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఆ పైన చిన్న కథ. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో చూసేదీ దాదాపు ఇదే. ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి పాఠం. ఏ తరగతి అన్నది చూడకుండా లెవెల్‌ని బట్టి మూడు గుంపులు చెయ్యి. ఒకటి, రెండు అని నంబర్లిస్తే చివరి గుంపు చిన్నబోతుంది. మన గోదారి పాయల పేర్లతో గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పిలువు.

స్థలం గురించి ఒక మాట. గుడి మండపమంటే దళితపేట పిల్లలు, చర్చికెళ్ళే ఇళ్ళ పిల్లలు వెనకాడొచ్చు. హెడ్మాస్టారిని అడిగి బడి వరండా తీసుకో, అది అందరిదీ.

ఒత్తు_అక్షరం:
తెలుగులో పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఒత్తుల దగ్గరండి. గ, ప లాంటి వాటి ఒత్తు చూస్తే అసలు అక్షరం గుర్తొస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు వేరే ఆకారంలో ఉంటాయి. ‘అమ్మ’ని కంటికి అలవాటై చదివేస్తారు, ‘ఆత్మ’ దగ్గర ఆగిపోతారు. అంటే మ ఒత్తు రానట్టే లెక్క. ఈ ఆరూ రోజుకొకటి చొప్పున చెప్పండి, ముందు తెలిసిన మాటతో, వెంటనే వేరే హల్లు కింద: అత్త, రక్తం, అన్నం, రత్నం, అమ్మ, పద్మం, కొయ్య, విద్య, గుర్రం, చక్రం, ఇల్లు, క్లాసు.

పేరా చదివించేటప్పుడు ముందు మీరు, తర్వాత అందరూ, తర్వాత ఇద్దరిద్దరు, ఆఖర్న ఒక్కళ్ళు. మీరు చెప్పిన భయం చాలావరకు ఈ మెట్లు దాటేసి ఒక్కసారే ఒంటరిగా లేపడం వల్లే. యాభై మాటల్లో ఐదు కంటే ఎక్కువ తప్పులొస్తే ఆ పేరా వాళ్ళకి బరువు, తేలికది ఇవ్వండి. తప్పు చదవగానే మధ్యలో అందుకోకండి, వాక్యం పూర్తవనివ్వండి. కొందరు అప్పటికే తమంతట తాము సర్దుకుంటారు. ‘సూపర్’ అనే కంటే ‘మొన్న పద్మం దగ్గర ఆగావు, ఇవాళ ఆగలేదు’ అనండి. ఏది వచ్చిందో వాళ్ళకి తెలియాలి.

ఈనెల_కట్ట:
ఆయ్, లెక్కలకి మన కొబ్బరి ఈనెలే చాలండి. ఎండినవి జానెడు ముక్కలు విరిచి, పదేసి రబ్బరు బ్యాండు వేయండి. గుంపుకి ఇరవై కట్టలు, ఇరవై విడి ఈనెలు.

52లోంచి 27 తీసేయమంటే చాలామంది 35 రాస్తారు. బద్ధకం కాదది, 2లోంచి 7 పోదు గనక తిరగేసి 7లోంచి 2 తీసేశారు. ఎర్ర ఇంకుతో కొట్టేయకుండా, ఐదు కట్టలు, రెండు ఈనెలు చేతికిచ్చి ‘ఇరవై ఏడు నాకివ్వు’ అనండి. కట్ట విప్పక తప్పదు. పన్నెండులో ఏడు పోతే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. 25 తన చేతిలోనే ఉంటుంది, మీరు చెప్పక్కర్లేదు. 402లోంచి 157 లాంటివి ఆ తర్వాత. అక్కడ పదుల కట్టే లేదు, ముందు వంద విప్పాలి.

‘అర్థమైందా’ అని అడక్కండి, ‘అయ్యిందండి’ అనే అంటారు. ‘ఎలా చేశావో చూపించు’ అనండి. ప్రశ్న వేశాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే గమనించారు, టీచర్లు సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతున్నాయని.

లంకపల్లె_అక్క:
ఇంకో పెద్ద మనిషి, వీలైతే ఆడమనిషి, రోజూ మీతో ఉండాలి. తలుపులు తీసే ఉంచండి, పిల్లల్లో ఎవరినీ ఒంటరిగా ఆపకండి. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకుండా ఫోటోలు స్టేటస్‌లో పెట్టకండి. గంటకి మించొద్దు, చీకటి పడకముందే పంపేయండి. జూలై, ఆగస్టుల్లో గోదారి వరదకి లంకల్లో కొన్ని రోజులు ఎలాగూ పోతాయి. ఆ రోజులకి ఇంటి దగ్గర చదువుకునే కాగితాలు ముందే ఇచ్చి ఉంచండి.

వైనతేయ_రేవు:
చాలా థాంక్సండి. ఏడో తరగతి కుర్రాడొకడు అక్షరాల దగ్గరే ఉన్నాడనుకోండి, చిన్నపిల్లల పుస్తకం ముట్టుకోడేమో?

కాలవగట్టు_మాస్టారు:
ముట్టుకోడు, ఇవ్వకు కూడా. బస్సు బోర్డులు, ఎరువు బస్తా మీద పేరు, చేపల మేత సంచి, క్రికెట్ స్కోరు వార్త, ఇవి చదివించు. రేపు చిన్నాళ్ళకి చదివి వినిపించాల్సిన నాలుగు వాక్యాలు ఈ రోజే ఇచ్చి, పక్కకి తీసుకెళ్ళి మూడుసార్లు చదివించు. తడబడకుండా వస్తేనే రేపు చదవమను, రాకపోతే ఎల్లుండి.