కాలనీ అంచు జాగాలో కొత్త ఇళ్లు, దక్షిణం వైపు కట్టొచ్చా? (బరంపురం)

అరుగు మీద పిల్ల:
అందరికీ నమస్తే. మాది బరంపురంలో ఓ పాత క్వార్టర్స్ కాలనీ, పేరెందుకులెండి. అన్నీ మూడంతస్తుల బ్లాకులే, చుట్టూ ప్రహరీ. బ్లాకులకీ ప్రహరీకీ మధ్యన దక్షిణం వైపూ పడమర వైపూ ఓ 45 అడుగుల జాగా ఏళ్ల తరబడి అలాగే పడుంది, స్కూటర్ షెడ్లు, తుప్పలు, ఓ పనసచెట్టు, దాని కింద ఆదివారం చేపలమ్మే ఆమె. ఇప్పుడక్కడ ఓ 40 చిన్న ఇళ్లు కడతారట. నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది, దాంతో అసోసియేషన్ వాళ్లు వాళ్ల ప్లాన్ రాకముందే మనమే ఒకటి ఇద్దాం గీయమ్మా అని నా నెత్తిన పెట్టేశారు. దక్షిణం ప్రహరీని ఆనుకుని నాలుగంతస్తుల బిల్డింగు పొడుగ్గా ఒకటే పెట్టేసి, పడమర పార్కు వదిలేశాను. చూడ్డానికి నీట్‌గానే ఉంది. మా నాన్న మాత్రం చూసి "మరి మనింట్లోకి గాలెలాగొస్తాదే" అన్నారు. అదొక్కటేనా ఇంకేమైనా ఉన్నాయా, మొహమాటం లేకుండా చెప్పండి.

కాంక్రీటు మావ:
మీ నాన్నగారు కరెక్టమ్మా. ఎండాకాలం సాయంత్రం మనకి గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఆ సముద్రం గాలే దిక్కు, దానికి అడ్డంగా నాలుగంతస్తుల గోడ కడితే వెనకున్నోళ్లు రాత్రంతా మిమ్మల్ని తలుచుకుంటారు. ఇంకోటి, డిసెంబర్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ సూర్యుడు దాదాపు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అంటే నీడ ఇంచుమించు బిల్డింగు ఎత్తంత ఉంటుంది. కొత్త ఇల్లు ప్రహరీ నుంచి లోపలికి 25 అడుగులు వేసుకో, పాత బ్లాకుకీ దానికీ మధ్యన మిగిలేది 20. 40 అడుగుల బిల్డింగు నీడ ఆ 20 దాటి పాత గోడ మీద 18 అడుగుల దాకా పాకుతుంది, అంటే కింద ఇల్లూ దాని పై ఇల్లూ దాదాపు మొత్తం. అదే రెండంతస్తులు, 20 అడుగులే అయితే మధ్యాహ్నం నీడ ఆ ఖాళీలోనే ఆగిపోతుంది, గోడకి తగలదు. నీ బొమ్మ తిరగెయ్. ఎత్తు పడమర పెట్టు, మే నెల మూడు గంటల ఎండకి పాత బ్లాకుల గోడలు పెనంలా కాలిపోతాయి కదా, వాటికి నీడైనా దొరుకుతుంది. దక్షిణం రెండంతస్తులు, మధ్యమధ్యలో సందులు. మేడ మీద రేకులు మాత్రం వద్దు, 2013 అక్టోబర్ 12న పైలిన్ తుఫాను వచ్చినప్పుడు ఎవరి రేకులు ఎవరి డాబా మీద పడ్డాయో ఎవరికీ తెలీలేదు.

బల్లార్షా బాబాయ్:
గాలీ వెలుతురూ సరే, ముందు గునపం పట్టుకెళ్లి ఆ 45 అడుగుల్లో కింద ఏముందో చూడు తల్లీ. మా వైపు కూడా ఇలాగే అంచులో ఇళ్లు లేపారు, పాత సెప్టిక్ ట్యాంకులు అక్కడే ఉన్నాయని ఎవడూ చూళ్లేదు, ఇప్పుడు ఒకాయన వంటింట్లో గ్యాస్ బండ పక్కన టైల్ ఎత్తితే ట్యాంకు మూత. ట్యాంకరోడు వచ్చినప్పుడల్లా పైపు హాల్లోంచే లాగాలి. నవ్వొస్తుంది గానీ నవ్వు కాదు. వాననీళ్లు కూడా ఎప్పుడూ ప్రహరీ దగ్గరికే పారతాయి, రోడ్డు మధ్య మట్టం కన్నా కనీసం రెండడుగులు ఎత్తులో పునాది లేపకపోతే మొదటి వానకే మంచాలు ఎక్కాలి.

పర్లాకిమిడి నుంచి నార్విచ్ దాకా:
ఇంగ్లండ్‌లో నేనుండే ఊళ్లో కౌన్సిల్ (అంటే ఇక్కడి మున్సిపాలిటీ) కట్టిన గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ అని ఇళ్లున్నాయి, 2019లో స్టిర్లింగ్ ప్రైజ్ వచ్చింది వాటికి, బ్రిటన్‌లో బిల్డింగుల డిజైన్‌కిచ్చే పెద్ద అవార్డు అది. ఎదురెదురు వరసల మధ్య 14 మీటర్లే, ఎదురింటి వెలుతురు ఆగకుండా పైకప్పులు వాలుగా వేశారు. ఇక్కడి వాళ్ల ఆరాటమంతా ఎండ కోసం, మనకి గాలి కోసం, కాబట్టి అది చూసి దిక్కులు కాపీ కొట్టకు చెల్లీ. తీసుకోవాల్సింది ఒక్కటే, ప్రతి ఇంటికీ వీధి మీదకి సొంత గుమ్మం. మనకి దగ్గరగా కావాలంటే నవీ ముంబై బేలాపూర్‌లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా గీసిన ఇళ్లు చూడు, ఏడేసి ఇళ్లు ఓ 8 మీటర్ల వాకిలి చుట్టూ.

వీధరుగు:
అంత దూరం ఎందుకండీ, మన గంజాం వీధులు చూడలేదా ఎప్పుడూ? గోడకి గోడ ఆనుకుని వరస ఇళ్లు, ముందు అరుగు (ఒడియా వాళ్లు పిండా అంటారు), లోపలికి పొడుగ్గా వెళ్తే వెనక పెరడు. సాయంత్రం అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఒక్కత్తి చాలు, వీధిలో ఎవరొచ్చారో ఎవరెళ్లారో మొత్తం చెప్పేస్తుంది, సీసీ కెమెరా దండగ. నేనైతే ఆ ప్రహరీ కొట్టేయమంటాను, కొత్త ఇళ్ల వరసే ప్రహరీ, గుమ్మాలు రోడ్డు వైపు. గుమ్మాలు లోపలికి తిప్పి రోడ్డుకి వీపు చూపించారనుకో, నెల తిరక్కుండా ఆ గోడ కింద చెత్తకుప్ప. ఇంకోటి, మీ ప్రహరీకి ఎక్కడో ఒకచోట పిల్లలు ట్యూషన్‌కి దూరి వెళ్లే కన్నం ఉండే ఉంటుంది, ఏ కాలనీకైనా ఉంటుంది. సందు అక్కడే వదులు.

అరుగు మీద పిల్ల:
కన్నం ఉంది 😄 దక్షిణం వైపే, రెండిటుకలు మెట్టులా కూడా పెట్టారు ఎవరో. సరే, మళ్లీ గీశాను. పడమర నాలుగంతస్తులు, దక్షిణం రెండే, గుమ్మాలు రోడ్డుకి, అరుగు మూడడుగులు, కన్నం దగ్గర పది అడుగుల సందు, పనసచెట్టు దగ్గర ఇంకోటి. ట్యాంకుల సంగతి నిన్న చూశాం, నాలుగు మూతలు బయటపడ్డాయి, ఒక దాని మీద మా పక్కింటావిడ ఇన్నాళ్లూ వడియాలు ఎండబెడుతోంది. వాటి దగ్గర కట్టకుండా వదిలితే 40 కాదు, 34 ఇళ్లే పడుతున్నాయి, అసోసియేషన్‌లో గొడవ దాని మీదే. చేపలామెని కూడా అడిగాను, చెట్టు కొట్టకపోతే చాలమ్మా, ఓ కుళాయి పెట్టిస్తే ఇంకా మంచిది అంది. కుళాయి గీశాను.