స్ప్రింగుల బూట్లు వేసుకుని ఎగరడం: తిరుపతి, చిత్తూరు వైపు ఎవరైనా వాడారా? మోకాళ్ళకు మంచిదేనా?

మిద్దెతోట_తిరుపతి

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్ళు, బరువు 71 కిలోలు, టీచర్‌ని. రోజంతా నిలబడే ఉద్యోగం. పోయిన ఏడాది నుంచి కుడి మోకాలు నొప్పి. అరుగుదల ఇప్పుడిప్పుడే మొదలైందని, బరువు తగ్గి తొడ కండరాలు గట్టిపడితే చాలావరకు అదుపులో ఉంటుందని డాక్టరు చెప్పారు. పొద్దున యూనివర్సిటీ రోడ్డులో నడుస్తాను. కానీ అరగంట దాటితే మోకాలు పట్టేస్తుంది.

బెంగళూరులో ఉండే మా చిన్నాన్న కూతురు కొన్నాళ్ళు ఒక క్లాసుకు వెళ్ళి స్ప్రింగుల బూట్లతో ఎగిరేది. ఇప్పుడు తనకు రెండో కాన్పు అయింది, ఇక వాడనని ఆ జత నాకు పంపింది. చూడడానికి స్కేటింగ్ బూటులాగే ఉంది. కింద చక్రాలకు బదులు రెండు విల్లులు ఎదురెదురుగా పెట్టి చివర్లు కలిపినట్టు కోడిగుడ్డు ఆకారం, దాని మధ్యలో ముందు నుంచి వెనక్కి లాగి కట్టిన పట్టీ. ఒక్కో బూటు కిలోన్నర పైనే తూగింది. వేసుకోవాలని ఆశగా ఉంది, పడతానేమోనని టెన్షన్‌గానూ ఉంది. వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

చిత్తూరు_పరుగు

అక్కా, నేను రెండేళ్ళుగా వాడుతున్నాను, మెసానికల్ మైదానంలో. మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి అది కంగూ జంప్స్ రకం. స్విట్జర్లాండ్‌లో డెనిస్ నావిల్ అనే ఆయన 1990లలో తెచ్చిన బూటు. దానికి మూలం అంతకుముందు కెనడాలో గ్రెగరీ లెక్ట్‌మన్ చేసిన బూటు. ఎగరడం కోసమే కాకుండా, పరుగెత్తేటప్పుడు కీళ్ళకు తగిలే దెబ్బ తగ్గాలని చేసినవి. దెబ్బ 80 శాతం దాకా తగ్గుతుందని కంపెనీ చెబుతుంది. అది అమ్మేవాళ్ళ లెక్క, డాక్టరు మాటగా తీసుకోవద్దు. కానీ తేడా ఉందన్నది మాత్రం నా కాళ్ళకు తెలుసు. రోడ్డు మీద 5 కిలోమీటర్లు పరుగెత్తిన మర్నాడు నా మోకాళ్ళు చెప్పే కబుర్లు వీటితో పరుగెత్తిన మర్నాడు వినపడవు.

ఇక అసలు సంగతి. వీటితో కదలకుండా నిలబడలేం. అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి ఆగితే ముందుకో వెనక్కో తూలుతాం. చిన్నగా కవాతు చేస్తున్నట్టు కాళ్ళు ఆడిస్తూనే ఉండాలి. మొదటి రోజు ఇది తెలియక నేను బకిళ్ళు పెట్టుకుని లేచి నిలబడ్డాను, వెంటనే వెనక్కి పడ్డాను. మీరు మాత్రం కుర్చీలో కూర్చుని వేసుకోండి, ఎదురుగా ఒక మనిషి చేతులు పట్టుకుని లేపాలి, లేచిన క్షణం నుంచి అడుగులు వేస్తూ ఉండాలి. మొదటి వారం రోజుకు ఐదు నిమిషాలు చాలు. మోకాళ్ళ కంటే ముందు పిక్కలు, పొట్ట కండరాలు నొప్పెడతాయి. అది మామూలే.

కోనేటిగట్టు

నేనూ ఇదే అడగాలనుకున్నాను. మా అమ్మాయి కొనమంటోంది. చూస్తున్నాను.

కపిలతీర్థం_దారి

దయచేసి రెండు రకాలను కలపకండి. మా కాలేజీ ఫెస్ట్‌లో నేను వేసుకున్నవి వేరు. మోకాలి దాకా కట్టుకునే కర్రల్లాంటివి, వెనకాల ఫైబర్ గ్లాస్ విల్లు ఉంటుంది, కింద చిన్న రబ్బరు డెక్క. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బాక్ చేసినవి, ఆయన పేరు మీదే ఆ ఆటను పవర్ బాకింగ్ అంటారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వీటితో ఎగిరారు. చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది, నిజమే. కానీ అవి విన్యాసం చేసేవాళ్ళవి, వ్యాయామానికి కావు.

నా సంగతి చెబుతాను. ఆన్‌లైన్‌లో కొన్న జత మీద ఏ బరువుకో రాసిలేదు, అందరికీ సరిపోతుందని అమ్మారు. నా బరువు 82. మొదటి అరగంట బాగానే ఉంది. తర్వాత ఒక ఎగురు నుంచి దిగేటప్పుడు ఎడమ విల్లు పూర్తిగా వంగిపోయింది, నేను పక్కకు ఒరిగి చేయి ఆనించాను. మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. తర్వాత చూస్తే విల్లు అంచున పొరలు పొరలుగా నారలు లేచి ఉన్నాయి. అంటే ముందు నుంచే చీలుతోంది, మేం చూసుకోలేదు. ఎవరు ఏ స్ప్రింగు వేసుకున్నా ముందు దాన్ని వెలుతురులో తిప్పి చూడండి. మణికట్టు గార్డులు, మోకాలి గార్డులు, హెల్మెట్ లేకుండా కాలు కదపకండి.

పాత_మెకానిక్_చిత్తూరు

నేను బస్సులు, లారీల వర్క్‌షాపుల్లో ముప్పై ఏళ్ళు చేశాను. ఈ బూట్లు వేసుకోలేదు కానీ స్ప్రింగు ఎలా నడుచుకుంటుందో తెలుసు. ఆ తమ్ముడికి అయింది కమాను (లారీ కింద బరువు మోసే, ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగు) ఓవర్‌లోడ్.

లారీకి కమాను కట్టేటప్పుడు ఎంత బరువు మోయాలో చూసి పట్టీల లెక్క, మందం పెడతాం. ఖాళీ లారీ వెనక కూర్చుంటే నడుము ఇరిగేలా ఎగరేస్తుంది. ఆ బరువుకు కమాను వంగదు, అందుకని దెబ్బ మనిషికి వస్తుంది. అదే లారీకి తోతాపురి సీజన్‌లో మోయాల్సిన దానికంటే ఎక్కువ కాయలు ఎత్తితే కమాను చదునైపోతుంది. ఇక వంగడానికి చోటుండదు, గుంత వచ్చినప్పుడల్లా దెబ్బ నేరుగా చాసిస్‌కు కొడుతుంది. బూటు కూడా అంతే. గట్టి స్ప్రింగు తేలిక మనిషికి రాయి. మెత్తటి స్ప్రింగు బరువు మనిషికి లేనట్టే.

అమ్మా, మీ చెల్లెలి బరువెంతో అడగండి. ఆ పట్టీ ఆమె బరువుకు కట్టింది. ఒక పరీక్ష చెబుతాను. గుడ్డు ఆకారంలో కింది విల్లు లోపలి ముఖానికి సుద్ద బాగా రాయండి. వేసుకుని పది సార్లు చిన్నగా ఎగరండి, ఎవరినైనా పట్టుకుని. విప్పి చూడండి. పై విల్లుకు గానీ మధ్య పట్టీకి గానీ సుద్ద అంటిందంటే అడుగు తగులుతోందన్నమాట. అలాంటి బూటుతో మోకాలికి మేలు లేదు.

ఫిజియో_రేణిగుంట

మెకానిక్ అన్న చెప్పింది మా పాఠంలో ఉన్నదే. పరుగులో పాదం నేలను తాకినప్పుడు శరీరం బరువుకు రెండు, మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. అంతా క్షణంలో చిన్న భాగంలో జరిగిపోతుంది. స్ప్రింగు ఆ ఆగే సమయాన్ని సాగదీస్తుంది కాబట్టి దెబ్బ తీవ్రత తగ్గుతుంది. అంతే తప్ప బరువు ఎక్కడికీ పోదు. మన ఒంట్లోనే అలాంటి స్ప్రింగు ఉంది. మడమ వెనకుండే నరంలాంటి తాడు పరుగులో అడుగడుగునా సాగి, ఆ శక్తిలో మూడో వంతు దాకా తిరిగిస్తుంది. అందుకే పిక్క బలం లేనివాళ్ళు ఏ బూటు వేసినా అలిసిపోతారు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఈ బూటు చీలమండను బిగించి పట్టుకుంటుంది. అది మంచిదే అనిపిస్తుంది, కానీ పక్కకు తూలినప్పుడు చీలమండ సర్దుకోలేదు, ఆ మెలిక పైకి వెళ్ళి మోకాలి మీద పడుతుంది. నేరుగా పడే దెబ్బ తగ్గడం ఎంత నిజమో మెలిక ప్రమాదం పెరగడం అంతే నిజం. మోకాలిలో మెనిస్కస్ (ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగినవాళ్ళు, లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే కట్టు) దెబ్బతిన్నవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, గర్భిణులు వీటి జోలికి వెళ్ళకూడదు. కాన్పు అయి కొద్ది నెలలే అయినవాళ్ళూ ఆగాలి, కటి కండరాలు ఇంకా కోలుకోవు. మీ చెల్లెలు మానేసి మంచి పని చేసింది.

మేడమ్, మీరు ముందు వట్టి కాళ్ళతో ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబడగలరా చూడండి, రెండు వైపులా. తర్వాత చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చోండి. ఈ రెండూ నొప్పి లేకుండా రాకపోతే బూట్లు అలమరలో పెట్టి నెల రోజులు ఇవే చేయండి. వచ్చినా సరే, మీ మోకాలి ఎక్స్‌రే చూసిన డాక్టరును ఒక మాట అడిగాకే మొదలుపెట్టండి.

అలిపిరి_నడక

నేను నెలకోసారి అలిపిరి నుంచి తిరుమల మెట్లెక్కుతాను, 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఆయాసం, మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు వణుకు. ఈ బూట్లతో సాధన చేస్తే మెట్లకు పనికొస్తుందా?

చిత్తూరు_పరుగు

ఊపిరికి పనికొస్తుంది అన్నా. ఇరవై నిమిషాలు ఎగిరితే చెమటతో బనియను పిండొచ్చు. కానీ మెట్టెక్కడం వేరు, అక్కడ ఒంటి బరువును ఒక్క కాలే పైకి లేపాలి, స్ప్రింగు సాయం ఉండదు. దానికి శ్రీవారి మెట్టు లాంటి చోటే సాధన. ఎక్కడైనా మెట్ల మీద మాత్రం ఈ బూట్లు వేయకండి, మిద్దె మెట్ల మీద కూడా. కొండ మెట్ల సంగతి సరే సరి, అక్కడ మనం చెప్పులే వేసుకోం.

కోనేటిగట్టు

పాత జతలు తక్కువలో దొరుకుతున్నాయి. తీసుకోవచ్చా?

కపిలతీర్థం_దారి

స్ప్రింగు వయసు తెలియకుండా వద్దు. మా స్నేహితుడు ఒక నకలు జతను వేసవంతా కారు డిక్కీలో ఉంచాడు. మన ఎండలు తెలుసుగా. మధ్య పట్టీ గట్టిపడి సన్నటి గీతలు వచ్చాయి, రెండో వారంలో తెగింది. విడి పట్టీలు, కింది రబ్బరు అడుగులు విడిగా దొరికే రకమే తీసుకోండి. అవి అరిగేవే, మార్చుకోవాల్సిందే.

పాత_మెకానిక్_చిత్తూరు

ఒక కాలిదే మార్చకండి. మారిస్తే రెండు కాళ్ళవీ మార్చాలి. కొత్త కమాను ఒక పక్క, పాతది ఒక పక్క ఉన్న బండి ఎప్పుడూ ఒక వైపుకే లాగుతుంది.

మిద్దెతోట_తిరుపతి

ఆరు వారాలైంది, అందరికీ చెప్పాలని వచ్చాను.

ముందు డాక్టరును అడిగాను. వాపు లేదు కాబట్టి సమతలం మీద, తక్కువసేపు, నొప్పి వస్తే వెంటనే ఆపేలా అయితే చేయమన్నారు. ఫిజియో గారు చెప్పిన పరీక్షలో ఎడమ కాలి మీద నిలబడగలిగాను. కుడి కాలి మీద పన్నెండు సెకన్లే. అందుకే మూడు వారాలు బూట్లు ముట్టలేదు. కుర్చీలోంచి లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం, ఇవే. ఇప్పుడు కుడి కాలి మీద నలభై సెకన్లు నిలబడుతున్నాను. నిజం చెప్పాలంటే మోకాలి నొప్పిలో సగం ఆ మూడు వారాల్లోనే తగ్గింది. ఆ ఘనత బూట్లకు ఇవ్వలేను.

తర్వాత బూట్లు. మెకానిక్ అన్నా, మీరు చెప్పినట్టు సుద్ద రాసి చూశాను. పది ఎగుర్లకు పట్టీ అంతా తెల్లగా అయింది. మా చెల్లెలి బరువు 54. టక్ టక్ అని శబ్దం వస్తుంటే స్ప్రింగు శబ్దమే అనుకున్నాను, అది అడుగు తగిలే శబ్దమట. మీరు చెప్పకపోతే అలాగే ఎగిరి ఉన్న మోకాలు పోగొట్టుకునేదాన్ని. బెంగళూరు నుంచి బరువు మనుషుల పట్టీలు రెండూ తెప్పించి వేశాం. ఇప్పుడు సుద్ద అంటడం లేదు, శబ్దమూ లేదు.

మా ఆయన చేతులు పట్టుకుని మూడు రోజులు నడిపించారు. నాలుగో రోజు ఒక్కదాన్నే మిద్దె మీద చుట్టూ తిరిగాను. అప్పుడు కలిగిన సంతోషం రాయలేను. మోకాలు పట్టేసినప్పటి నుంచి నేను పరుగన్నదే మరిచిపోయాను. ఇప్పుడు రోజు విడిచి రోజు పన్నెండు నిమిషాలు. ఇక్కడ చెప్పని ఒక సంగతి చెబుతాను. మా మిద్దెలో సగం కడప బండలు, సగం సిమెంటు. పోయిన వారం రాత్రి వాన పడింది, పొద్దుటికి ఆరినట్టే కనబడింది. బండ మీద కాలు పెట్టగానే జారింది. పిట్టగోడ దగ్గరే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. ఇక వానల రోజుల్లో మిద్దె ఎక్కను. వీధిలోకి వెళ్దామంటే కుక్కలు. మనిషి ఉన్నట్టుండి ఎత్తై ఎగురుతుంటే అవి బెదిరి వెంటపడుతున్నాయి.

ఫిజియో_రేణిగుంట

చాలా సంతోషం మేడమ్. పన్నెండు నిమిషాల దగ్గరే ఇంకో రెండు వారాలు ఆగండి. కుర్చీ వ్యాయామం మానకండి.

చిత్తూరు_పరుగు

అక్కా, గట్టి మట్టి నేల అన్నిటికంటే మేలు. యూనివర్సిటీ మైదానంలో పొద్దున ఆరింటికల్లా వెళ్తే కుక్కలు కూడా తక్కువ. ఇసుకలో, గడ్డిలో వద్దు, అడుగు దిగబడుతుంది.

పాత_మెకానిక్_చిత్తూరు

అమ్మా, నెలకోసారి సుద్ద పరీక్ష చేస్తుండండి. పట్టీ వాడేకొద్దీ సాగుతుంది, అడుగు తగలడం మొదలైన రోజు మనకు తెలియదు. తెలుపు అంటిన రోజు ఇక్కడ రాయండి.