ఇంటికొక స్మార్ట్‌ఫోన్ చాలదా? అమ్మకు విడిగా ఫోన్ అవసరమా?

చర్చ పెట్టినవారు: నిజామాబాదు వాసి
మా అమ్మగారికి విడిగా ఒక స్మార్ట్‌ఫోన్ కొనిస్తానంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో ఒకటి ఉండగా నెలనెలా రెండు రీచార్జీలు దండగ అంటున్నారు. అమ్మ మాత్రం ఏమీ అనడం లేదు. పెద్దలు మీ అభిప్రాయం చెప్పగలరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు
మీ నాన్నగారి మాటను నేను కొట్టివేయలేను. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కొన్ని నెలలపాటు డేటా ఉచితంగా ఇచ్చిన తరువాత, సాయంత్రాలు మా అరుగు మీద చేరే నలుగురూ తలో మూలకు ఫోన్ పట్టుకుని కూర్చోవడం కళ్ళారా చూశాను. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో మనవడు వీడియో కాల్ చేస్తే అందరూ ఒకచోట చేరతారు. పైగా 2018 మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లను నమ్మి తెలంగాణలో అమాయకుల ప్రాణాలు తీశారు. ఫోన్లు పెరిగినకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది.

జగిత్యాల ఆడపడుచు
మాష్టారికి నమస్కారం. పుకార్ల గురించి మీ ఆందోళన న్యాయమైనదే. అయితే ఆనాడు జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, వచ్చిన వీడియోను ఎలా నమ్మకూడదో జనానికి నేర్పించారు తప్ప ఎవరి చేతిలోని ఫోనూ తీసుకోలేదు.

ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో అది అందరిదీ అంటాం గానీ, పగలంతా అది మగవాళ్ళ జేబులోనే తిరుగుతుంది. మా మేనత్త సంగతి చెబుతాను. మామయ్య చాలా ఏళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాడు. అక్కడి నుంచి వాట్సాప్ కాల్ కలవదు కనుక బోటిమ్ యాప్‌లో చేస్తాడు. ఆ యాప్ ఉన్నది మా బావ ఫోన్‌లో. బావ పొద్దున్నే ఆటో తోలుకుని మెట్‌పల్లి వెళ్ళి రాత్రికి గానీ రాడు. వచ్చాక కొడుకు, కోడలు, పిల్లలు చుట్టూ ఉండగా అత్తయ్య మాట్లాడాలి. ‘మంచిగున్నవా, తిన్నవా’ అన్న రెండు మాటలు దాటి ఆమె తన భర్తతో ఏమీ చెప్పుకోగా నేను వినలేదు. పొదుపు సంఘం సమావేశం కబురు కూడా ఆ ఫోన్‌కే వచ్చి, మరునాటికి గానీ ఆమెకు తెలిసేది కాదు.

కిందటేడు బతుకమ్మ పండుగకు వెళ్ళినప్పుడు నా పాత ఫోన్ ఆమెకిచ్చాను. ఆమెకు చదువు రాదు. మామయ్య ఫోటో ఉన్న చోట నొక్కడం, మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టి మాట్లాడడం నేర్పాను. మొదట్లో వేలు ఎక్కడ జారుతుందోనని ఊపిరి బిగబట్టి మాట్లాడేది, సగం మాటకే వేలు తీసేసేది. మూడో రోజు చూస్తే, పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని, మోకాలి నొప్పి గురించి, బావ చేసిన అప్పు గురించి మామయ్యకు చాలాసేపు చెబుతూ ఉంది. అప్పు మాట కొడుకు ఫోన్‌లో కొడుకు ముందు ఎలా చెప్పగలదు?

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న పురుషులు దేశంలో 57 శాతం ఉంటే స్త్రీలు 33 శాతమే. తెలంగాణ స్త్రీలలో అది 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. ఉచిత డేటా వచ్చి దాదాపు మూడేళ్ళయ్యాక మొదలైన లెక్క ఇది. గడప దాటి లోపలికి వచ్చిన ఇంటర్నెట్ ఆడవాళ్ళ చేతికి అందలేదనడానికి ఇంకేం కావాలి?

గోదావరి గట్టు
మా ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లోకి వచ్చాయి కనుక ఫోన్ అవసరమని నేనూ ఒప్పుకుంటాను. కానీ బ్యాంకు నుంచి చేస్తున్నామని చెప్పి ఎవరో మా పిన్ని చేత ఓటీపీ చెప్పించుకున్నారు. కూడబెట్టిన 18 వేలు పోయాయి. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ ముట్టడం లేదు. దానికి మీ సమాధానమేమిటి?

జగిత్యాల ఆడపడుచు
మీ పిన్నిగారి కష్టం వింటే మనసు కలుక్కుమంది. మేము బ్యాంకు ఖాతాకు కలిపిన నంబరును అత్తయ్య ఫోన్‌లో వేయలేదు, డబ్బు పంపే యాప్‌లూ పెట్టలేదు. సైబర్ మోసాలకు 1930 నంబరు ఉందని బావకు, కోడలికి కూడా చెప్పి ఉంచాను. మగవారు మోసపోయినప్పుడు ఎవరూ వారి ఫోన్ బీరువాలో పెట్టరు కదా. పిన్నిగారి చేతికి మళ్ళీ ఫోన్ ఇచ్చి, కొన్నాళ్ళు పక్కన కూర్చోండి.

నిజామాబాదు వాసి
అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం: మీ అత్తయ్యగారి రీచార్జీ ఎవరు చేయిస్తారు?

జగిత్యాల ఆడపడుచు
నేను చేయిస్తానంటే ఒప్పుకోలేదు. పాల డబ్బులు రాగానే కొంత విడిగా కొంగున ముడివేసుకుంటుంది.